ఈ కన్నం ప్రభుత్వానిది

మా ప్రభుత్వం ఒక కన్నం కొన్నది.

ప్రభుత్వాలు బస్సులు కొంటాయి, బల్లలు కొంటాయి, మరీ ఉత్సాహం వస్తే హెలికాప్టర్లు కొంటాయి. కన్నం కొన్న ఘనత మాత్రం మాదేనని మా డైరెక్టరు జయసింహగారు మీటింగుల్లో ఛాతీ విరుచుకుని చెప్పేవారు. అది నిజం కాదు. చాలా దేశాలు మాకంటే ముందే కొనుక్కుని, కొనలేదని బొంకుతున్నాయి. అయినా పై అధికారి సంతోషాన్ని చెడగొట్టడం నా ఉద్యోగ బాధ్యతల్లో లేదు.

కన్నమంటే గోడకి వేసేది కాదు. పొద్దున్న లేవగానే జనం ఒకరికొకరు శుభోదయాలు పంపుకునే యాప్ ఒకటి అందరి ఫోన్లలో ఉంది కదా, అందులో. దాన్ని తయారుచేసినవాళ్ళకే తెలియకుండా ఎక్కడో ఒక లోపం మిగిలిపోయింది. ఆ సంగతి ఒక విదేశీ కంపెనీ కనిపెట్టింది. కనిపెట్టి, తయారుచేసినవాళ్ళకి చెప్పకుండా మాకు అమ్మింది. ఇక మేము ఎవరికైనా ఒక మందారపువ్వు బొమ్మ పంపితే చాలు. అవతలి మనిషి దాన్ని తెరవక్కర్లేదు, చూడక్కర్లేదు. ఫోను దిండు కింద పెట్టుకుని గురక పెడుతున్నా సరే, ఆ పువ్వుతోపాటు మా సాఫ్ట్‌వేరు లోపలికి దూరి కూర్చుంటుంది. అక్కడినుంచి ఆ ఫోను విన్నదంతా మేమూ వింటాం, అది చూసినదంతా మేమూ చూస్తాం. ఈ పథకానికి 'ఆత్మీయ' అని పేరు పెట్టారు.

మొదట్లో దీన్ని దేశద్రోహుల మీద మాత్రమే వాడాలనుకున్నారు. చాలినంతమంది దొరకలేదు. కొన్న వస్తువు ఊరికే పడి ఉంటే ఆడిట్ వాళ్ళు ఊరుకుంటారా? వరదల కోసమని ఆఫీసుకి జీపు కొంటారు, వరదలు లేనప్పుడు ఆ జీపు ఆఫీసరుగారి పిల్లల్ని బడికి దింపుతుంది. ఆత్మీయ కూడా అదే దారిన పోయింది. ద్రోహుల తర్వాత ప్రతిపక్షాలు, ప్రతిపక్షాల తర్వాత సొంతపక్షంలో అలిగినవాళ్ళు, ఆ తర్వాత పత్రికలవాళ్ళు, మేష్టర్లు, రైతు సంఘాలు, చివరికి ఖాళీ ఉంది గదా అని మామూలు జనం. అందరి ఇళ్ళలోనూ మందారాలు పూశాయి.

అంతా సవ్యంగా నడుస్తుండగా ఆ యాప్ తయారుచేసినవాళ్ళు మేలుకున్నారు. తమ గోడకి కన్నం ఉందని ఆలస్యంగా తెలుసుకుని, అప్‌డేట్ అనే పేరుతో దానికి మాసిక వేసి జనం మీదికి వదిలారు. అప్‌డేట్ అయిన ఫోనులో మా మందారం వాడిపోయింది.

నేను ఇందులోకి ఎలా వచ్చానో చెప్పాలి. నా పేరు ముక్తేశ్వరరావు. కాలవల శాఖలో సూపరింటెండెంటుని. మా ప్రాంతంలో వానలు ముదిరితే కాలవ గట్లకి గండ్లు పడతాయి. ఇసుక బస్తాలు వేయించి వాటిని పూడ్పించడం నా పని. అలాంటి నన్ను రాజధానికి రమ్మని అర్జెంటుగా కబురొచ్చింది. వెళ్ళేసరికి ఏసీ హాల్లో జయసింహగారు, ఆయన పక్కన న్యాయ సలహాదారు భ్రమరాంబగారు, చుట్టూ నాలాంటి వాళ్ళు పది పన్నెండుమంది ఉన్నారు.

"మనం కొన్నది ఏమిటి?" అని మొదలుపెట్టారు జయసింహగారు.

"సాఫ్ట్‌వేరండి" అన్నాడు వెనకనుంచి ఒకాయన.

"కాదు. సాఫ్ట్‌వేరు కేవలం ఉపకరణం. మనం ప్రజాధనం వెచ్చించి సముపార్జించుకున్నది ఒక ప్రవేశమార్గం. సాంకేతిక పరిభాషలో రంధ్రం. ప్రజాధనంతో సముపార్జించినది ఏమవుతుంది, మేడమ్?"

భ్రమరాంబగారు కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "ప్రభుత్వ ఆస్తి అవుతుంది సార్."

"ప్రభుత్వ ఆస్తిని పూడ్చేసినవాడు?"

"ఆక్రమణదారుడు అవుతాడు సార్. ప్రభుత్వ చెరువు పూడ్చినవాడితో సమానం."

చెరువులు పూడ్చినవాళ్ళలో ఒక్కడికైనా శిక్ష పడినట్టు నాకు గుర్తు రాలేదు. వాళ్ళ కల్యాణ మండపాల ప్రారంభోత్సవాలకి మా పై అధికారులు వెళ్ళడం మాత్రం బాగా గుర్తుంది. అయినా నోరు మూసుకుని కూర్చున్నాను. ఒక్కటి మాత్రం ఆపుకోలేకపోయాను.

"సార్, ఆ కన్నం ఉన్నది జనం ఫోన్లలో కదండీ? ఫోను వాళ్ళ డబ్బుతో వాళ్ళు కొనుక్కున్నది."

జయసింహగారు నావైపు జాలిగా చూశారు. "మీ పొలంలో కరెంటు స్తంభం ఉంది. పొలం ఎవరిది?"

"నాదండి."

"స్తంభం?"

"కరెంటోళ్ళదండి."

"ఫోను పౌరుడిది. రంధ్రం ప్రభుత్వానిది. ఇందులో మీకు అవగాహన కానిది ఏముంది?"

అలా ఆ పూటే రాష్ట్ర రంధ్ర సంరక్షణ సంస్థ ఏర్పడింది. మా ఊరు రేవుపాలెం శాఖకి నన్ను అధికారిగా వేశారు. గండ్లలో నాకు ముప్పై ఏళ్ళ అనుభవం ఉందట. నా అనుభవం పూడ్చడంలోనండీ అని విన్నవించుకున్నాను. పూడ్చడం తెలిసినవాడికే పూడకుండా చూడటం తెలుస్తుందన్నారు.

బయటికొస్తుంటే జయసింహగారి ఫోను బల్లమీద కనిపించింది. అది శుభ్రంగా అప్‌డేట్ అయి ఉంది. దానికి వేరే ఉత్తర్వు ఉందని, ఉన్నతాధికారుల ఫోన్లు భద్రతా కారణాలరీత్యా రంధ్రరహితంగా ఉండాలని భ్రమరాంబగారు వివరించారు.

మరి రహస్యం మాటేమిటని మీరడగొచ్చు. దాచిపెట్టిన ఆస్తిని జనం చేత కాపాడించడం కష్టం. అందుకని ప్రభుత్వం శాసనసభలో ధైర్యంగా ఒప్పేసుకుంది. రంధ్రం ఉన్నమాట వాస్తవమే గానీ, అందులోంచి మేము వినడం లేదు అని ప్రకటించింది. ఇంటికి తలుపు తీసి ఉంచండి, మేము లోపలికి రాము అన్నట్టు. సభ్యులు బల్లలు చరిచారు.

ఇక రేవుపాలెంలో మా ప్రచారం మొదలైంది. ఆటోకి మైకు కట్టి వీధి వీధీ తిప్పాం. "ఇందుమూలముగా యావన్మంది ప్రజలకు తెలియజేయునది ఏమనగా, మీ ఫోనునందు గల ప్రభుత్వ రంధ్రమును అప్‌డేట్ ద్వారా గాని, మరే ఇతర మార్గము ద్వారా గాని పూడ్చినచో చట్టరీత్యా చర్య తీసుకొనబడును." ఖాళీ స్థలాల్లో పాతే బోర్డుల మాదిరిగానే ప్రతి ఫోను వెనకాల పసుపురంగు స్టిక్కరు అంటించాం. ఈ కన్నం ప్రభుత్వానిది అని దానిమీద పెద్ద అక్షరాలు.

టీకొట్టు దగ్గర ఒక పెద్దాయన నన్ను ఆపాడు. "బాబూ, మా కాలంలో కన్నం ఏసినోణ్ణి పట్టుకునేవోరండి. ఇప్పుడు పూడ్సినోణ్ణి పట్టుకుంటన్నారేంటండీ?"

"కాలం మారిందండి" అన్నాను.

"మారిందిలెండి. దొంగ మాత్తరం మారలేదు" అని ఆయన టీ తాగేశాడు. స్టిక్కరు మాత్రం బుద్ధిగా అంటించుకున్నాడు.

ఆర్నెల్లకోసారి అందరూ ఆఫీసుకొచ్చి ఫోను చూపించుకుని రంధ్ర ధ్రువపత్రం తీసుకోవాలి. బల్లమీద ఫోను పెడితే మా మనిషి మందారం పంపుతాడు. మా పెట్టెలో పచ్చదీపం వెలిగితే కన్నం భద్రం. ధ్రువపత్రం లేనిదే రేషను లేదు, పింఛను లేదు, కాలేజీ సీటు లేదు. కీప్యాడ్ ఫోనున్న ముసలివాళ్ళని రంధ్రహీనులుగా వర్గీకరించాం. దాచుకోవడానికేమీ లేనప్పుడు కన్నమెందుకు లేదో వాళ్ళు సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చింది. పెళ్ళిచూపుల్లో కూడా అబ్బాయికి ధ్రువపత్రం ఉందా అని అడగడం మొదలైంది. లేనివాడు ఏ పాపం మూటగట్టుకున్నాడోనని ఆడపిల్లవాళ్ళ భయం.

కన్నానికి తన పర తేడా ఉండదు. పోలీసు దూరే దారిలో దొంగ కూడా దూరతాడు. మా రేవుపాలెం రైసుమిల్లు ఆసామి ఫోనులోకి ఎవడో దుర్మార్గుడు అదే లోపంలోంచి దూరి బ్యాంకు ఖాతా ఊడ్చేశాడు. ఆయన లబోదిబోమంటూ మా ఆఫీసుకొచ్చాడు.

"మాసిక ఏసుకుందునండీ! మీరేగదండీ ఒద్దన్నారు!"

నేను పైకి రాశాను. జయసింహగారి జవాబు మర్నాడే వచ్చింది. ప్రభుత్వ రంధ్రాన్ని అనుమతి లేకుండా వినియోగించుకున్నందుకు గుర్తు తెలియని వ్యక్తిమీద కేసు పెట్టాం. అందులో బాధితుడు ప్రభుత్వం. మిల్లు ఆసామి సాక్షి. ఆయన సాక్ష్యం చెప్పడానికి ఇప్పటికీ సొంత ఖర్చులతో రాజధానికి తిరుగుతున్నాడు.

ఇంతవరకూ నేను కూడా మీలాగే లోపల్లోపల నవ్వుకుంటూనే ఉన్నాను. జీతం వస్తోంది, ఫ్యాను తిరుగుతోంది. మంగతాయారు వచ్చిన రోజున ఆ నవ్వు పోయింది.

ఆవిడకి నలభై దాటి ఉంటాయి. రేవు దగ్గర ఇడ్లీలు వేసుకుని బతుకుతుంది. మొగుడు ఏడుకొండలు ఏటి మీద పంటు నడిపేవాడు. ఈ గట్టునుంచి ఆ గట్టుకి మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ దాటించడం అతని పని. రెండేళ్ళ క్రితం నడి ఏట్లో పంటు మీదే గుండె పట్టుకుని కూలిపోయాడు. చేతిలో ఫోను ఏట్లో పడిపోయింది. మనిషిని ఒడ్డుకి చేర్చారు గానీ ప్రాణం మధ్యలోనే పోయింది. అప్పటినుంచి మంగతాయారు వితంతు పింఛను తీసుకుంటోంది. అది ఆగకూడదని ధ్రువపత్రం కోసం వచ్చింది.

బల్లమీద ఫోను పెట్టింది. మా మనిషి మందారం పంపాడు. ఎర్రదీపం వెలిగింది.

"అమ్మా, నీ కన్నం పూడిపోయింది" అన్నాను.

"నేనేం పూడ్సలేదండీ బాబూ! నాకదేంటో కూడా తెల్దు!"

నిజమే. రాత్రి చార్జింగు పెట్టి పడుకుంటే ఫోను తనంతట తనే అప్‌డేట్ అయిపోయింది. అలాంటివి రోజుకి పది వస్తున్నాయి. దానికీ నిబంధన ఉంది. పూడిన ఫోను కేసు ఆస్తి. అక్కడికక్కడే స్వాధీనం చేసుకుని సీలు వెయ్యాలి. పక్షం లోపల సాంకేతిక విభాగం దాన్ని పాతరూపానికి తెచ్చి, కన్నం పునరుద్ధరించి, ధ్రువపత్రంతో సహా తిరిగి ఇస్తుంది.

"పాతరూపానికంటే?" అంది మంగతాయారు.

"లోపలున్నవన్నీ తుడిచేస్తారమ్మా. కొన్నప్పుడెలా ఉందో అలా అయిపోతుంది."

ఆవిడ చటుక్కున ఫోనుమీద చెయ్యి వేసింది. "తుడవొద్దండీ. అందులో మా ఆయనున్నాడు."

అప్పుడు చెప్పింది. ఏడుకొండలుకి ఫోనులో రాయడమంటే చిరాకు. ఏది చెప్పాలన్నా మైకు బొమ్మ నొక్కి మాట్లాడి పంపేసేవాడు. పంటు బయల్దేరితే ఒక మాట, అవతలి ఒడ్డు చేరితే ఒక మాట. ఆ మాటలన్నీ ఈ ఫోనులో ఉన్నాయి. ఫోటోలు వేరే చోట ఉన్నాయి, గొంతు మాత్రం ఇక్కడ తప్ప ఇంకెక్కడా లేదు. రోజూ పొద్దున్న పిండి కలుపుతూ ఒకటి పెట్టుకుని వింటుంది.

"ఇంకో ఫోన్లోకి పంపించేసుకుంటానండి. ఒక్క గంట ఇవ్వండి."

అక్కడ కూడా నిబంధన అడ్డొచ్చింది. సీలు పడబోయే ఫోనుని ముట్టుకోవడం సాక్ష్యాన్ని తారుమారు చెయ్యడమే. మా మనిషి అప్పటికే ఫోనుని గుడ్డసంచిలో వేసి లక్క కరిగిస్తున్నాడు. నేను ఆపొచ్చు. ఆపితే నా పింఛను ఆగుతుంది. నేను లక్కవైపు చూస్తూ ఉండిపోయాను.

మంగతాయారు ఏడవలేదు. నావైపు తిరిగి ఒక మాట అంది.

"ఏవండీ, ఆ కన్నంలోంచి మీరన్నీ ఇంటారంట గదా. అయితే మా ఆయన మాటలు మీకాడ కూడా ఉంటాయి గదండీ? అయ్యి నాకిచ్చేయండి. ఆ తరవాత ఫోను తుడుసుకోండి, మీ కన్నం మీరు పెట్టుకోండి. నాకేం అభ్యంతరం లేదు."

ముప్పై ఏళ్ళ సర్వీసులో అంత న్యాయమైన అర్జీ నా బల్లమీదికి రాలేదు. తెల్లకాగితం మీద రాయించుకుని, వేలిముద్ర వేయించుకుని, అర్జెంటు అని ఎర్రసిరాతో రాసి రాజధానికి పంపాను.

ఆ కాగితం అక్కడ బాంబులా పేలింది. నన్ను మళ్ళీ పిలిపించారు. ఈసారి హాల్లో ఆడిట్ వాళ్ళు కూడా కూర్చున్నారు.

"ఈ మహిళ అడుగుతున్నదాన్ని గురించి గంభీరంగా యోచించవలసి ఉంది" అన్నారు జయసింహగారు. "ఇస్తే విన్నట్టు అంగీకరించినట్టవుతుంది."

"వినడం లేదని సభలో చెప్పాం సార్" అన్నారు భ్రమరాంబగారు.

"అయితే మా దగ్గర లేవని రాసేద్దాం."

"లేవని రాస్తే మాకు అభ్యంతరం" అన్నాడు ఆడిట్ ఆయన. "ఏమీ వినకపోతే ఇంత ఖర్చు దేనికి పెట్టారు? వృథా వ్యయం కింద రికవరీ రాస్తాను."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. జయసింహగారు తన దగ్గరున్న ఉపాయం చెప్పారు. ఆ మాటలు మన దగ్గర లేవని నిర్ధారించుకోవడానికి ఒకసారి విందాం అన్నారు. వినడం వేరు, లేవని నిర్ధారించుకోవడానికి వినడం వేరు అని భ్రమరాంబగారు అభిప్రాయం రాసిచ్చారు. ఆడిట్ ఆయన కూడా తలూపాడు.

కంప్యూటరులో ఏడుకొండలు అని కొడితే తెర నిండిపోయింది. అతను పంపినవే కాదు, పంపనివి కూడా ఉన్నాయి. పంటు ఇంజను చప్పుడు, ప్రయాణికుల తగువులు, మధ్యాహ్నం పూట అతను పంటు మీద పెట్టిన గురక. హాల్లో పెద్ద స్పీకర్లున్నాయి. ఒకటి నొక్కారు.

"మంగా! ఇయ్యాల బేరం బాగుందే. ముప్పై మందిని దాటించేను. నీళ్ళు కాగబెట్టుంచు, వచ్చేత్తన్నా."

ఇంకొకటి.

"మంగా, కోపం తగ్గిందా? తగ్గితే చెప్పు, వచ్చేత్తాను. తగ్గకపోతే ఇంకో ట్రిప్పు ఏసుకుని వత్తాను. నాకేం తొందర్లేదు."

ఒకరిద్దరు నవ్వారు. ఆ గొంతు హాయిగా ఉంది. పని చేసుకుంటూ మాట్లాడే మనిషి గొంతు అది. నాకు మాత్రం సిగ్గేసింది. మొగుడూ పెళ్ళాల మధ్య మాట ఏసీ హాల్లో పన్నెండుమందిమి కూర్చుని వింటున్నాం. ఎవరి కోసమైతే ఆ మాట అన్నాడో ఆ మనిషి మాత్రం అక్కడ రేవులో ఆ గొంతు లేకుండానే పిండి కలుపుకుంటోంది.

జయసింహగారు నవ్వలేదు. ఆయన చూపు తెరమీద ఆ పేరు పక్కనున్న ఎర్ర నక్షత్రం మీద పడింది.

"ఇతను మొదటి శ్రేణి అనుమానితుడు!" అన్నారు.

అవునట. వినే విభాగంలో కుర్చీలు వేసుకుని కూర్చున్నవాళ్ళు పంటు ఎన్నడూ చూడలేదు. వాళ్ళు రాసిన వ్యాఖ్యలు ఒకాయన పైకి చదివాడు. ఈ వ్యక్తి ప్రతిరోజూ మనుషులను అవతలికి దాటిస్తున్నట్లు స్వయంగా అంగీకరించుచున్నాడు. వేళలు, సంఖ్యలు మంగ అను స్త్రీకి నివేదించుచున్నాడు. నీళ్ళు కాగబెట్టుట అనునది సంకేతమై ఉండవచ్చును.

"సార్, అతను పంటు నడిపేవాడండి. దాటించడం అతని ఉద్యోగమండి. పైగా అతను పోయి రెండేళ్ళయింది" అన్నాను.

"పోయాడా? ఎక్కడికి పోయాడు?"

"చచ్చిపోయాడండి."

చదివే ఆయన కింద వ్యాఖ్య కూడా చదివాడు. రెండు సంవత్సరముల క్రితం నది మధ్య భాగమున ఫోనును నీటిపాలు చేసి అజ్ఞాతములోనికి వెళ్ళినాడు. అప్పటినుండి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అత్యంత నైపుణ్యముగల వ్యక్తి. నిఘా కొనసాగించవలెను.

హాల్లో గుసగుసలు బయల్దేరాయి. నాకు అనుమానం వచ్చి మిగతా ఎర్ర నక్షత్రాల పేర్లు కూడా చూపించమన్నాను. మా రేవుపాలెం వాళ్ళ పేర్లు నాలుగు కనబడ్డాయి. నలుగురి దినాలకీ నేను భోజనానికి వెళ్ళాను. మాట్లాడనివాడే ప్రమాదకరం అని మా యంత్రానికి నేర్పించారు గనక, మా ప్రాంతంలో బహు ప్రమాదకరులైన వాళ్ళంతా శ్మశానంలో ఉన్నారు. అక్కడ శాంతి భద్రతలు మాత్రం బాగున్నాయి.

"సార్, మరణ ధ్రువపత్రం ఉందండి" అన్నాను.

"అది ఇచ్చింది ఎవరు?"

"పంచాయతీ వారండి."

"నిఘా పెట్టింది?"

"ప్రభుత్వమండి."

"పంచాయతీ పెద్దదా, ప్రభుత్వం పెద్దదా?" అన్నారు జయసింహగారు. కోపంగా కాదు, చంటిపిల్లాడికి ఎక్కాలు నేర్పినట్టు. "ఇతను మరణించాడని మనం ఒప్పుకుంటే రెండేళ్ళుగా మృతుడిమీద నిఘా పెట్టిన పాపం మన నెత్తిన పడుతుంది. బతికి ఉన్నాడంటే ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు."

ఆడిట్ ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఒక ఇబ్బంది ఉంది సార్. అతను బతికి ఉంటే ఆవిడ వితంతువు కాదు."

హాలంతా ఒక్కసారి ఆయనవైపు గౌరవంగా తిరిగింది. కోడిగుడ్డు మీద ఈకలు పీకడం కూడా ఒక విద్యే. భ్రమరాంబగారు వెంటనే కలం అందుకున్నారు. నేను లేచి, సార్, ఇది అన్యాయమండి, ఆవిడ ఇడ్లీలు అమ్ముకునే మనిషండి అన్నాను. భావోద్వేగాలకు ఫైలులో స్థానం లేదని జయసింహగారు మృదువుగా చెప్పారు. కూర్చోమన్నారు. కూర్చున్నాను.

నేను తిరిగి రేవుపాలెం వచ్చేసరికి పక్షం పూర్తయింది. అర్జీ పరిశీలనలో ఉందని సాంకేతిక విభాగానికి ఎవరూ చెప్పలేదు. వాళ్ళు నిబంధన ప్రకారం ఫోనుని తుడిచి, కన్నం పునరుద్ధరించి, కొత్త స్టిక్కరు అంటించి పంపేశారు. దాంతోపాటు రాజధాని నుంచి ఉత్తర్వు కూడా వచ్చింది.

మంగతాయారుని పిలిపించాను. చేతులకి పిండి అంటుకుని ఉండగానే పరిగెత్తుకుని వచ్చింది. ఆ వేళకి మా శాఖని తనిఖీ చెయ్యడానికి జయసింహగారు, భ్రమరాంబగారు కూడా వచ్చి నా గదిలో కొబ్బరినీళ్ళు తాగుతున్నారు. ఫోను ఆవిడ చేతిలో పెట్టాను. మొగుడి పేరు కోసం వేలితో పైకీ కిందకీ జరిపింది. తెరమీద ఏమీ లేదు. ఒక్క మందారం మాత్రం ఉంది, పొద్దున్న మేము పంపింది.

"మరి మీకాడున్నయ్యో?" అంది.

ఉత్తర్వు చదవడం నా విధి. చదివాను. "అర్జీదారు కోరిన శబ్దములు ప్రభుత్వము వద్ద ఉన్నవనిగాని, లేవనిగాని చెప్పుటకు వీలులేదు. సదరు ఏడుకొండలు అను వ్యక్తి ప్రభుత్వ రికార్డుల ప్రకారము సజీవుడై ఉన్నందున అతని గోప్యతను కాపాడుట ప్రభుత్వ బాధ్యత. ఇదే కారణమున అర్జీదారుకు ఇచ్చుచున్న వితంతు పింఛనును రద్దు చేయడమైనది. రంధ్ర ధ్రువపత్రము జతపరచడమైనది."

ఆవిడ ప్రతి మాటా శ్రద్ధగా విన్నది. అర్థం కాలేదేమోనని మామూలు మాటల్లో మళ్ళీ చెప్పాను. ఏడుకొండలు బతికే ఉన్నాడని సర్కారు అంటోందమ్మా, అందుకని నీకు పింఛను రాదు అన్నాను.

"మీరిన్నారా అండీ ఆయన గొంతు?" అని నన్ను అడిగింది.

జయసింహగారు నావైపే చూస్తున్నారు. వినలేదన్నాను. అది ప్రభుత్వ వైఖరి.

మంగతాయారు ఫోను బల్లమీద పెట్టేసింది. ధ్రువపత్రం కూడా దాని పక్కనే పెట్టింది. పింఛను మాట ఎత్తలేదు, శాపనార్థాలు పెట్టలేదు. జయసింహగారి ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని, పిండి చేతులు చీరకొంగుకి తుడుచుకుంటూ కూర్చుంది. ప్రజలు అర్జీ నిలబడి ఇవ్వవలెను అని భ్రమరాంబగారు అనబోయి ఎందుకో ఆగిపోయారు.

"బతికున్నాడని మీరే రాశారు గదండీ" అంది మంగతాయారు. "సంతోషం. అయితే ఓపాలి మాటాడించండి. అందాకా నేనిక్కడే కూకుంటాను."